దర్వాజ మీద 1332 అని ఉంది, గోడలు కింద రాయి, పైన ఇటుక: ఈ ఇంటి మీద స్లాబ్ వేయొచ్చా?

పాతిల్లు_నాగర్‌కర్నూల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కల్వకుర్తి నుంచి అచ్చంపేట పోయే దారిలో, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన ఊరు. మా ముత్తాత కట్టించిన ఇల్లు ఇంకా నిలబడి ఉంది. అమ్మ, చిన్నాన్న వాళ్లు అందులోనే ఉంటున్నారు. వైశాఖంలో తమ్ముడి పెళ్లి. ఆలోపు ఇల్లు బాగు చేయిద్దామని సంక్రాంతికి ఒక కాంట్రాక్టర్‌ను పిలిచి చూపించాం. ఆయన చెప్పింది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

ముందు ఇల్లు ఎట్లుంటుందో చెప్తాను. తూర్పు ముఖం. వీధిలోకి రెండు అరుగులు, మధ్యలో పెద్ద దర్వాజ. గడప దాటితే నడవ, తర్వాత పైన ఏమీ లేని నడిమి వాకిలి, దాని చుట్టూ పడసాల, నాలుగు పక్కలా అర్రలు. వెనక వంటర్ర, ఆ వెనక దొడ్డి. ముందు సగం మట్టి మిద్దె, వెనక సగం కుమ్మరి గూనపెంకు. గోడలు 27 అంగుళాల మందం. నేల నుంచి నాలుగడుగుల దాకా నల్లరాయి, అక్కడి నుంచి పైదాకా ఇటుక. ఇటుకలు చాలా పలచన, ఇప్పటి ఇటుకలో సగం మందం కూడా ఉండవు. వీధి వైపు గోడకు కిటికీ అన్నదే లేదు, పైన చిన్న చిన్న గాలి కన్నాలు మాత్రం ఉన్నాయి. లోపల ప్రతి అర్రలో దీపం పెట్టే దిగూళ్లు, ఒక్కోదానికి పైన ఇటుకతో చిన్న కమాను.

ఇబ్బందులు ఏమిటంటే, దక్షిణం గోడ లోపలి వైపు ఛాతీ ఎత్తు దాకా ఎప్పుడూ తడే. తెల్లగా ఉప్పు పూస్తుంది, గిలాబు (గోడ మీది పూత) పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఆ గిలాబు సిమెంట్‌ది, నా చిన్నప్పుడు నాన్న చేయించింది. నైరుతి అర్రలో రెండు దంతెలు (మిద్దెను మోసే అడ్డ దూలాలు) గోడలోకి పోయే చోట పుచ్చి, మిద్దె అక్కడ కొంచెం కిందికి దిగింది, వాన పడితే కారుతుంది. ఆగ్నేయం మూలలో పైనుంచి ఒక పగులు మెట్లు మెట్లుగా దిగి రాయి దగ్గర ఆగింది. పైన వేలు పట్టేంత ఉంది, కిందికి వచ్చేసరికి గీత లాగా సన్నబడింది.

కాంట్రాక్టర్ మాట ఇది: మిద్దె పీకేసి, గోడల తలలు సమానంగా కొట్టి స్లాబ్ వేద్దాం, లోపలా బయటా సిమెంట్ గిలాబు చేద్దాం, వీధి గోడకు రెండు కిటికీలు కోద్దాం, నేలకు టైల్స్. తమ్ముడు సగం ఒప్పుకున్నాడు. అమ్మ మాత్రం మిద్దె మీద చెయ్యి వేయనీయను అంటోంది. దర్వాజను కొంటామని ఎవరో హైదరాబాద్ నుంచి వచ్చి మంచి రేటు కూడా చెప్పి పోయారు.

నేను ఇంటికి పెద్దదాన్ని, నా మాట వింటారు. కానీ ఏదో ఒకటి గట్టిగా చెప్పాలంటే నాకు తెలియాలి కదా. అసలు కింద రాయి పెట్టి పైన ఇటుక ఎందుకు కట్టారు? ఈ గోడలు స్లాబ్ మోస్తాయా? ఆ తడి ఎట్లా పోతుంది? ఇంకోటి, దర్వాజ పైచెక్క మీద పువ్వుల మధ్యలో 1332 అని చెక్కి ఉంది. ఊళ్లో అందరూ ఇది కాకతీయుల కాలం ఇల్లు అంటారు. నిజమేనా?

రిటైర్డ్_టీచర్_సూర్యాపేట

అమ్మా, చివరి ప్రశ్నకు నేను జవాబు చెప్తాను, మిగతావి పని తెలిసిన వాళ్లు చెప్తారు.

1332 అంటే క్రీస్తు శకం కాదు, ఫసలీ. నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలు, రిజిస్ట్రీ కాగితాలు, శిస్తు రశీదులు అన్నీ ఫసలీ సంవత్సరంలోనే నడిచేవి. దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి మీ ఇంటి దర్వాజ 1922 అక్టోబరుకు, 1923 అక్టోబరుకు మధ్య నిలబెట్టింది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన 1911లో మొదలైంది కదా, ఆయన పాలన మొదటి భాగం అది. ముత్తాత కట్టించారన్న మీ మాటకు కూడా ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది. కాకతీయుల మాటకొస్తే, 1323లోనే ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతికి పోయింది. 1332 నాటికి ఇక్కడ కాకతీయ రాజ్యమే లేదు.

వందేళ్ల ఇల్లు అంటే తక్కువ అనుకోకండి. మన వైపు కోటలను, గుళ్లను చూడటానికి జనం వస్తారు. పానగల్లు గుడిని, పిల్లలమర్రి గుడిని, దేవరకొండ కోటను ఎవరో ఒకరు రాసి పెట్టారు. మామూలు రైతు ఇల్లు ఎట్లా ఉండేదో రాసినవాళ్లు తక్కువ. అవి కూలిపోతే చూపించడానికి ఏమీ మిగలదు. అందుకే ఒక పని చేయండి. పని మొదలుపెట్టక ముందే తెల్లకాగితం మీద ఇంటి నక్షా గీయండి. ఏ అర్రను మీ ఇంట్లో ఏ పేరుతో పిలిచేవారు, వడ్ల గుమ్మి ఎక్కడ ఉండేది, పురుడు ఏ అర్రలో పోసేవారు, ఇవన్నీ అమ్మను అడిగి అందులోనే రాయండి. రాయి కొట్టింది ఏ ఊరి వడ్డెరలు, తలుపులు చెక్కింది ఏ ఊరి వడ్లవారు అన్నది కూడా ఆమెకు గానీ చిన్నాన్నకు గానీ గుర్తుండొచ్చు. కట్టించిన వాళ్ల పేర్లు ఇంట్లో నిలుస్తాయి, కట్టిన వాళ్లవి నిలవవు. ఆ కాగితంలోనైనా ఉండాలి.

వీధి గోడకు కిటికీ లేకపోవడం ఆనాటి ఇళ్లలో మామూలే. దొంగల భయం, బందిపోట్ల భయం ఒకటి, వేడిగాలి ఒకటి. వెలుతురు, గాలి నడిమి వాకిట్లోంచే రావాలని ఇల్లంతా లోపలికి తిప్పి కట్టారు.

సున్నం_పని_దేవరకొండ

అక్కా నమస్తే. మా తాత, మా నాన్న ఇద్దరూ డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) మేస్త్రులు. నేను ఇప్పుడు పాత గుళ్లు, పాత ఇళ్ల పనులకే పోతున్నాను. మీ ఇంటి లాంటివి దేవరకొండ, చింతపల్లి, కల్వకుర్తి వైపు చాలా ముట్టుకున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

కింద రాయి ఎందుకంటే, మన నల్లరాయి నీళ్లు తాగదు. వానకు నేల మీద పడి ఎగిరే చినుకులు, వాకిలి కడిగిన నీళ్లు, పశువుల రాపిడి, అన్నీ గోడ కింది భాగానికే తగులుతాయి. దొంగ కన్నం వేసేది కూడా అక్కడే. అందుకని ఆ ఎత్తు వరకు రాయి పెట్టారు. మరి పైదాకా రాయే ఎందుకు పెట్టలేదు అంటారేమో. రాయిని ఎత్తి పెట్టడం కష్టం, దిగూడు కావాలన్నా కమాను తిప్పాలన్నా రాయితో పని ముదురుతుంది. చెరువు మట్టితో ఊరి పక్కనే బట్టీ పెట్టి కాల్చిన ఇటుక తేలిక, చేతికి వంగుతుంది. పలచగా చేయడం దేనికంటే, కట్టెల మంట ఇటుక నడిమి దాకా పోవాలి. అయినా ఇప్పటి ఇటుకంత గట్టిగా కాలదు, కొంచెం మెత్తగానే ఉంటుంది. ఈ మెత్తదనం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మీ 27 అంగుళాల గోడ ఒకటే ముద్ద అనుకోవద్దు. బయటి వైపు ఒక వరస, లోపలి వైపు ఒక వరస పెద్ద రాళ్లతో పేర్చి, నడుమ చిప్పరాళ్లు, మట్టి, సున్నం నింపుతారు. అక్కడక్కడా ఈ మొఖం నుంచి ఆ మొఖం దాకా పోయే పొడుగు రాయి ఒకటి అడ్డంగా వేసి రెంటినీ పట్టి ఉంచుతారు. ఆ పొడుగు రాళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా కిటికీ కోస్తే గోడ రెండుగా విచ్చుకుంటుంది. కాబట్టి వీధి గోడకు కిటికీలు వద్దు.

ఇప్పుడు తడి సంగతి. నల్లరాయి నీళ్లు తాగదు గానీ రాళ్ల సందుల్లో ఉన్న మట్టి, సున్నం తాగుతాయి. నేలలో తేమ ఉంటే ఆ సందుల్లోంచి పైకి ఎక్కుతుంది. గోడకు సున్నం గిలాబు ఉంటే అది ఎక్కినంత మేర బయటికి ఆరిపోతుంది, అడుగు రెండు అడుగుల దగ్గరే ఆగుతుంది. మీ నాన్నగారు చేయించిన సిమెంట్ గిలాబు ఆ దారి మూసేసింది. ఆయనను తప్పు పట్టడం లేదక్కా, ఆ రోజుల్లో ఊరూరా అదే చేశారు. దారి మూసుకుంటే నీళ్లు ఆగవు, ఇంకా పైకి ఎక్కుతాయి. మీ గోడలో ఇప్పుడు ఛాతీ ఎత్తు అంటే నాలుగడుగుల రాయి దాటి ఇటుకకు అందింది. రాయి దాకా తడి ఉంటే నేను అంత భయపడను. ఇటుక మాత్రం తడిని గుంజుకుంటుంది. నీళ్లతో వచ్చిన ఉప్పు ఇటుక లోపల గడ్డకట్టి, దాని మొఖాన్ని లోపలి నుంచి పగలగొడుతుంది. మీకు కనపడే తెల్ల పూత అదే. ఇక ఆ మెత్తని ఇటుక మీద గట్టి సిమెంట్ మళ్లీ వేస్తే, ఊడేటప్పుడు సిమెంట్ ఒక్కటే ఊడదు, ఇటుక మొఖాన్ని కూడా పట్టుకొని ఊడుతుంది.

అయితే గిలాబు తీసేస్తే సగం పనే. అసలు ఆ నీళ్లు ఎక్కడివి అన్నది ముందు తేలాలి. వందేళ్లు లేని తడి ఇప్పుడు ఎందుకు వచ్చింది? మీరు నాకు మూడు సంగతులు చూసి చెప్పండి. వీధిలో సీసీ రోడ్డు వేశారా, వేస్తే అరుగు దానికన్నా ఎంత ఎత్తులో ఉంది? నడిమి వాకిట్లో పడ్డ వాన నీళ్లు బయటికి పోయే రాతి తూము ఎక్కడ ఉంది, అది ఇప్పుడు పారుతోందా? గోడ రాళ్ల సందులోంచి ఉసిరికాయంత ముద్ద తీసి గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకు కరిగి అడుక్కి దిగితే మట్టి, ముద్ద ముద్దగానే ఉంటే సున్నం. కొందరు నిమ్మరసం పోసి నురగ వస్తే సున్నం అంటారు గానీ, మన నల్లరేగడిలో సున్నపు గడ్డలు కలిసి ఉంటాయి, ఉత్త మట్టికి కూడా నురగ వస్తుంది. నీళ్ల పరీక్షే నమ్మండి.

దర్వాజ మాత్రం అమ్మకండి. పాత ఇళ్లలో చౌకట్టు తర్వాత తెచ్చి బిగించింది కాదు, ముందు దాన్ని నిలబెట్టి దాని చుట్టూ గోడ లేపారు. పైచెక్క రెండు పక్కలా గోడలోకి దూరి ఉంటుంది, పైన ఉన్న ఇటుక బరువు దాని మీదే ఉంది. కొనేవాళ్లు దాన్ని గుంజుకొని పోతే ఆ పైన గోడను మీరు మళ్లీ కట్టుకోవాలి. వాళ్లు చెప్పిన రేటులో ఆ ఖర్చు ఉండదు.

స్ట్రక్చరల్_మహబూబ్‌నగర్

మేస్త్రి గారు చెప్పినవాటితో పూర్తిగా ఏకీభవిస్తాను. స్లాబ్ గురించి, పగులు గురించి నేను చెప్తాను. పాత భవనాలకు స్ట్రక్చరల్ రిపోర్టులు రాయడం నా పని.

స్లాబ్ బరువుకు పాత గోడ కూలిపోతుందని చాలామంది అంటారు. లెక్క వేస్తే అట్లా రాదు. 5 అంగుళాల కాంక్రీట్ స్లాబ్ చదరపు మీటరుకు సుమారు 310 కిలోలు ఉంటుంది, పైన నీళ్లు పోవడానికి వేసే వాలుతో కలిపి 400 దాటుతుంది. మీ మట్టి మిద్దె 10 అంగుళాలు ఉందనుకుంటే అదీ 400 కిలోల పైచిలుకే. అంటే ఇన్నేళ్లుగా ఆ గోడలు దాదాపు అంత బరువు మోస్తూనే ఉన్నాయి.

భయం బరువుది కాదు, కదలికది. కాంక్రీట్ ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. 10 మీటర్ల పొడుగు స్లాబ్, 30 డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. పాలమూరు ఎండలో మధ్యాహ్నం స్లాబ్‌కు, తెల్లవారుజాము స్లాబ్‌కు అంత తేడా సులభంగా వస్తుంది. ఇది ఒక రోజుతో పోయేది కాదు, ప్రతి రోజూ జరుగుతుంది. కింద ఉన్నది రెండు వరసలుగా పేర్చిన, మెత్తని సున్నంతో కట్టిన గోడ. స్లాబ్ దాని తలను పట్టుకొని రోజూ అటూ ఇటూ లాగుతుంటే స్లాబ్ కింద గీత గీసినట్టు పగులు వస్తుంది, మూలలు బయటికి తోసుకుంటాయి. మిద్దెలో ఈ గొడవ లేదు. దంతెలు దేనికది విడిగా గోడ మీద కూర్చుంటాయి, ఒకటి కదిలితే ఇంకోదాన్ని లాగదు, పైన మట్టి ఎండ వేడిని కింది దాకా రానివ్వదు.

ఇక గోడల తలలు సమానంగా కొట్టడం అనే పని అస్సలు చేయనివ్వకండి. సుత్తి దెబ్బలకు నడుమ నింపిన చిప్పరాళ్లు కదిలి కిందికి జారితే, లోపల ఖాళీ ఏర్పడి గోడ పొట్ట బయటికి వస్తుంది. అది పనివాళ్ల మీద కూలే ప్రమాదం కూడా ఉంది.

పగులు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉందన్నారు. ఇది మూల కిందికి దిగుతున్నప్పుడు వచ్చే రకం. దిగి ఆగిపోయిందా, ఇంకా దిగుతోందా అన్నదే ముఖ్యం. పగులుకు అడ్డంగా రెండు మూడు చోట్ల పలచని గాజు ముక్కలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కన తేదీ రాయండి. గాజు పగిలితే మూల ఇంకా కదులుతున్నట్టే. ఎండాకాలం, వానాకాలం రెండూ గడిచే దాకా చూడాలి, ఎందుకంటే కింద రేగడి ఉంటే వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. కదలిక లేదని తేలితే ఆ పగుల్లోకి పలచని సున్నం పోసి నింపుతారు. ఈలోపు ఆ మూల పునాది దగ్గర నీళ్లు చేరుతున్నాయేమో చూడండి. ఆగ్నేయం మూల, దక్షిణం గోడ తడి, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నాకు అనుమానంగా ఉంది.

పాతిల్లు_నాగర్‌కర్నూల్

అందరికీ చాలా థాంక్స్. 1332 సంగతి అమ్మకు ఫోన్‌లో చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. "మీ నాన్న పుట్టకముందు కరువు వచ్చిన ఏడు కట్టిన ఇల్లు అని మా అత్త చెప్పేది" అంది. టీచర్ గారూ, రాళ్లు కొట్టిన వాళ్లు పక్క తండా దాటి ఉన్న వడ్డెర వాడ నుంచి వచ్చారట, చిన్నాన్నకు వాళ్ల కుటుంబం ఇంకా తెలుసట. ఆ కాగితం తప్పకుండా రాస్తాను.

మేస్త్రి అన్నా, మీరు అడిగినవి తమ్ముడితో చూపించాను. సీసీ రోడ్డు వేసి చాలా ఏళ్లయింది, తర్వాత దాని మీద ఇంకోసారి వేశారు. మా చిన్నప్పుడు అరుగు ఎక్కడానికి రెండు మెట్లు ఉండేవి. ఇప్పుడు మెట్లు లేవు, రోడ్డు అరుగు అంచుకు జానెడు కింద ఉంది. తూము నడిమి వాకిట్లో ఆగ్నేయం మూలలో ఉంది, దక్షిణం అర్ర నేల కిందుగా పోయి వీధిలోకి తెరుచుకునేది. దాని నోరు ఇప్పుడు రోడ్డు కింద పడిపోయింది. వాన పడితే వాకిట్లో నీళ్లు నిలబడి, మెల్లగా ఎటో ఇంకిపోతాయి. ఇన్నేళ్లూ మేం అది మామూలే అనుకున్నాం. గ్లాసులో ముద్ద రాతి సందులది కరిగిపోయింది, ఇటుక సందులది కరగలేదు.

మిద్దె గురించి ఎవరైనా చెప్పండి. తమ్ముడు అడిగేది ఒకటే, ప్రతి ఏడూ మట్టి ఎవరు వేస్తారు అని.

వనపర్తి_అక్క

మీ తమ్ముడికి నేను చెప్తాను. మా ఇల్లు మిద్దే, వనపర్తికి దగ్గరి ఊరు, నేను చేయిస్తున్నాను కాబట్టి అడిగే హక్కు నాకుంది: స్లాబ్ వేసిన ఇళ్లకు ఖర్చు రాదా? కారడం మొదలైతే కెమికల్ పూతలు, మళ్లీ పూతలు. మిద్దెకు ఏటా ఒక్క పని, అది కూడా పెద్ద ఖర్చు కాదు.

మిద్దె కారకుండా ఉండేది చౌడు మట్టి వల్ల. చెరువు కింద పల్లంలో తెల్లగా ఉప్పు తేలి, పంట పండని నేల ఉంటుంది కదా, ఆ మట్టి. అందులో సోడియం ఎక్కువ. నీళ్లు తగలగానే దాని బంకమట్టి రేణువులు విడిపోయి ఉబ్బి, సన్న రంధ్రాలన్నిటినీ మూసేస్తాయి. పంటకు పనికిరాకపోవడానికి కారణం ఏదో, కప్పుకు పనికిరావడానికి కారణం కూడా అదే, నీళ్లు కిందికి ఇంకవు. మా ఇంట్లో మృగశిర కార్తెకు ముందు, అంటే మే నెల చివర్లో, మిద్దె మీద మొలిచిన గడ్డి వేళ్లతో సహా పీకించి, కొత్త చౌడు పలచగా పరిపించి, తూము వైపు వాలు ఉందో లేదో చూసుకుంటాం. మొదటి వానకు అది అంతా సర్దుకుంటుంది. ఆ తర్వాత దాని మీద ఎక్కువ తిరగనీయం, పిల్లలను అసలే ఎక్కనీయం, గుంటలు పడితే నీళ్లు నిలుస్తాయి. గడ్డి మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. వేరు దిగిన చోటే నీళ్లు దిగుతాయి.

మీ నైరుతి అర్రలో దంతెల చివరలు పుచ్చాయన్నారు. మొత్తం మిద్దె పీకాల్సిన పని లేదు. ఆ రెండు దంతెల మేర మట్టి దించి, దాని కింద ఉన్న తడక, ఈత కమ్మలు తీసి, కింద మొద్దులతో ఊతం పెట్టి దంతెలు మారుస్తారు. మా ఇంట్లో ఒక దంతె మొత్తం బాగుండి చివర జానెడు మాత్రమే పుచ్చితే, పుచ్చింది కోసి రెండు పక్కలా కొత్త టేకు పట్టీలు బోల్టులతో బిగించారు, ఇంతవరకు కదల్లేదు. కొత్త చివరను గోడలో పెట్టేటప్పుడు చుట్టూ మట్టితో బిగించి మూయొద్దు, కొంచెం గాలి ఆడేలా వదలాలి. చెక్క తడితో కాదు, తడి ఆరక పుచ్చుతుంది. వెనక గూనపెంకు సంగతి రాయలేదు గానీ, కోతులు తిరిగే ఊరైతే అదే మీకు పెద్ద పని. విరిగిన గూనలు తీసి సర్దడం వానలకు ముందే అయిపోవాలి.

ఒక హెచ్చరిక. ఈ చౌడు మట్టిని పొరపాటున కూడా గోడ గిలాబులో కలపనీయకండి. మిద్దె మీద ఎంత మంచిదో గోడలో అంత చెడ్డది, దాని ఉప్పంతా ఇటుకలోకి ఎక్కుతుంది.

సున్నం_పని_దేవరకొండ

అక్కా, ఇంజనీర్ గారి అనుమానం నిజమైంది. మీ ఇంటి జబ్బు గోడలో లేదు, మిద్దెలో లేదు. తూము మూసుకుపోవడంలో ఉంది. నడిమి వాకిట్లో పడే వాన, దాని మీదికి వాలిన కప్పుల నీళ్లు, అన్నీ ఆ ఒక్క తూములోంచే పోవాలి. రోడ్డు పెరిగి దాని నోరు మూతపడ్డాక ఆ నీళ్లు దక్షిణం అర్ర కింద, ఆగ్నేయం మూల పునాది కింద ఇంకుతున్నాయి. రాతి సందుల్లో మట్టి ఉందని గ్లాసు చెప్పింది కదా, ఆ మట్టి తడిసి మెత్తబడి మూల దిగింది. మీరు స్లాబ్ వేసినా, టైల్స్ వేసినా ఆ నీళ్లు అట్లాగే వస్తాయి. టైల్స్ వేస్తే ఇంకా అధ్వాన్నం, నేలలోంచి ఆరే తేమ కూడా గోడకే ఎక్కుతుంది. నేలకు తాండూరు బండలు వేసి సందులు సున్నంతో నింపుకుంటే చాలు.

కాబట్టి ముందు నీళ్లకు దారి చూపాలి. వీధి వైపు ఇక కుదరదు, రోడ్డును మనం తవ్వలేం. దొడ్డి వీధి కన్నా పల్లంలో ఉందేమో చూడండి, చాలా ఇళ్లలో ఉంటుంది. ఉంటే వాకిటి వాలును వెనక్కి తిప్పి, వంటర్ర పక్క సందులోంచి కాలువ తీసి, గోడలకు కనీసం 10 అడుగుల దూరంలో ఇంకుడు గుంత తవ్వించాలి. పాత తూమును రెండు వైపులా మూసేయాలి, లేకపోతే రోడ్డు నీళ్లు దానిలోంచి లోపలికి వస్తాయి. గోడ వెంట కాలువ తవ్వేటప్పుడు పునాది అడుగు కన్నా లోతుకు పోనీయకండి.

ఇది అయ్యాక దక్షిణం గోడ సిమెంట్ గిలాబు తీయించండి. మిషన్ పెట్టొద్దు, చిన్న ఉలితో మెల్లగా. ఉప్పు పూసిన పొడిని చీపురుతో ఊడ్చి దూరంగా పారేయించండి, గోడ కింద వదిలితే మళ్లీ వానకు లోపలికి పోతుంది. నీళ్లు కొట్టి కడగొద్దు. ఆ తర్వాత గోడను ఎండాకాలమంతా అట్లాగే ఉత్తగా వదిలేయాలి. పెళ్లి వైశాఖంలో అన్నారు, ఆ గోడ అప్పటికి గిలాబు లేకుండానే ఉంటుంది. దీనికి తమ్ముడు ఒప్పుకోవాలి. మిగతా ఇంటికంతా సున్నం కొట్టించి అరుగులకు జాజు (ఎర్రమట్టి) పూయిస్తే పెళ్లి ఇంటి కళ ఎక్కడికీ పోదు. కానీ తొందరపడి ఆ గోడ మూస్తే మళ్లీ మొదటికే వస్తారు. మిద్దె పని వనపర్తి అక్క చెప్పినట్టు మృగశిరకు ముందు చేయించండి.

సున్నం గిలాబు వానలు తగ్గాక, దసరా తర్వాత. ఎండల్లో సున్నం పని చేయకూడదు, గట్టిపడక ముందే ఎండి పొడి రాలుతుంది. కాల్చిన రాతి సున్నం తెచ్చి నీళ్లలో వేసి ఉడకనిచ్చి, వెన్న లాంటి ముద్ద అయ్యాక నీళ్ల కిందే కనీసం నెల రోజులు ఉంచాలి. గిలాబుకు ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన ఇసుక, అందులో కొంత ఇసుకకు బదులు సుర్కి, అంటే ఇటుక పొడి. మా తాత కాలంలో ఎద్దులతో గానుగ తిప్పి దీన్ని నూరేవారు, ఇప్పుడు గ్రైండింగ్ మిల్లులో పట్టిస్తున్నాం. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలుపుతాం, చేతికి పని బాగా వస్తుంది. కానీ సున్నం సరిగ్గా నాననప్పుడు ఎంత బెల్లం పోసినా లాభం లేదు. ఎవరైనా మేస్త్రి బస్తా సున్నం తెచ్చి ఆ రోజే కలిపి ఆ రోజే పూస్తానంటే ఒప్పుకోకండి. వేసిన తర్వాత రెండు వారాలైనా తడిగోనెలు కప్పి ఉంచాలి.

ఖర్చు సంగతి తమ్ముడు అడుగుతాడు. స్లాబ్ మాట పక్కన పెడితే ఇవన్నీ దఫదఫాలుగా చేసుకునే పనులు, ఒక్కసారి అప్పు తెచ్చుకోవాల్సిన అవసరం రాదు. కాలువ, ఇంకుడు గుంత మాత్రం ఈ వానలకు ముందే కావాలి, అది ఆగకూడదు.

మూల పగులుకు గాజు ముక్కలు ఈ వారమే అతికించండి. దొడ్డి నేల వాకిలి కన్నా ఎంత పల్లంలో ఉందో నీళ్ల గొట్టంతో లెవల్ పట్టించి ఇక్కడ రాయండి. ఒక అడుగు ఉన్నా చాలు. లేకపోతే వాకిట్లోనే తొట్టి కట్టి మోటారు పెట్టుకోవాల్సి వస్తుంది, దానికి వేరే లెక్క చెప్తాను.